యంత్రాల మధ్య సంధి

సంక్రాంతికి ముందు వారం బెజవాడ రైలు స్టేషనుకు వెళ్ళి చూడండి. రిజర్వేషను కిటికీల ముందు కొల్లేటి చాంతాడంత వరుసలుంటాయి. ఒకానొక రైలులో ఒకే ఒక్క బెర్తు మిగిలి ఉన్నదనుకుందాం. బెజవాడ కిటికీలో గుమాస్తా మీట నొక్కుతాడు. సరిగ్గా అదే క్షణాన చెన్నైలో మరొక గుమాస్తా నొక్కుతాడు. సికింద్రాబాదులో ఇంకెవరో ఇంటి అరుగు మీద కూర్చుని సెల్‌ఫోను మీద వ్రేలు పెడతారు. ముగ్గురికీ కావలసింది ఆ ఒక్క బెర్తే. ఒకరి ముఖం ఒకరెరుగరు. ఒకరి గొంతు ఒకరికి వినపడదు. అయినా బెర్తు ఒకరికే దక్కుతుంది. తక్కిన ఇద్దరికీ వెయిటింగు లిస్టు మిగులుతుంది.

ఇందులో వింతేమున్నదని అడగవచ్చు. వెనుకటి రోజుల్లో నిజంగానే వింత లేదు. రైలుకొక పెద్ద పుస్తకం, ఆ పుస్తకానికి ఒక గుమాస్తా. ఒకడే వ్రాస్తాడు గనుక ఒకే బెర్తు రెండుసార్లు వ్రాయబడే ప్రమాదం తక్కువ. వేరే ఊరి నుంచి బయలుదేరే రైలులో చోటు కావాలంటే ఆ ఊరికి తంతి కొట్టి జవాబు కోసం ఎదురుచూసేవారు. 1980ల మధ్యలో ఢిల్లీలో ఈ పనికి కంప్యూటరు వచ్చింది. తరువాత తక్కిన మహానగరాలకూ, సికింద్రాబాదుకూ వచ్చింది. కాని అప్పట్లో ఎవరికి వారే యమునా తీరే. ఆ యంత్రాలను ఒక తాటి మీదికి తెచ్చే కార్యక్రమానికి ‘కాన్సర్ట్’ అని పేరు. దానిని మొట్టమొదట 1994లో నడిపించినది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు — అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క రైలు జాబితా ఒక్కొక్క కేంద్రం అధీనంలో ఉంటుంది. ఎక్కడి కిటికీ నుంచి అడిగినా ఆ అడుగు ఆ కేంద్రం దాకా ప్రయాణం చేసి, జవాబు మోసుకుని తిరిగి వస్తుంది.

కాన్సర్ట్ అంటే కచేరీ. పేరు ముచ్చటగానే ఉన్నది గాని, ఒక తేడా కద్దు. కచేరీలో పాడేవాడికీ, ఫిడేలుకూ, మృదంగానికీ ఒకే తాళం. ఈ యంత్రాలకు ఆ ఉమ్మడి తాళమే లేదు. ఒకదాని గడియారం మరొకదానితో కలవదు. ఒకటి చెడిపోయినా రెండవదానికి వెంటనే తెలియదు. మధ్యలో తీగ తెగవచ్చు, వార్త ఆలస్యం కావచ్చు. ఇట్లా వేర్వేరు చోట్ల ఉంటూ, వార్తలు పంపుకుంటూ, ఒకే పనిని నెరవేర్చే యంత్రాల కూటమిని ‘డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్’ అంటారు. రైలు టిక్కెట్టే కాదు. బ్యాంకు ఖాతా, రేషను దుకాణంలో వ్రేలిముద్ర, కూరగాయల బండి మీద అతికించిన చదరపు బొమ్మ — అన్నీ ఇటువంటి కూటములే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకంటారా? ఈ శాస్త్రంలో తలమానికమైన ప్రశ్న ఒకటున్నది. విడివిడిగా నిర్దుష్టమైన రెండు వస్తువులను కలిపితే ఆ కలయిక కూడా నిర్దుష్టంగా ఉంటుందని హామీ ఏమిటి? మన వ్యాకరణంలో దీనికి సగం పేరు ఎప్పటి నుంచో ఉన్నది: సంధి. ఆ మాటకు కూర్పు అనీ అర్థమే, ఒడంబడిక అనీ అర్థమే. యంత్రాలకు ఆ రెండూ కావాలి.

రెండు తలుపుల లాకు

ముందుగా ‘నిర్దుష్టం’ అంటే ఏమిటో తేల్చుకుందాం. దీనికి కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి లాకును మించిన ఉదాహరణ అక్కరలేదు.

1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఈ ఊరి నడుమ నుంచే డెల్టాలోకి ప్రవహించాయి. 1957లో ఆనకట్ట స్థానాన్ని ప్రకాశం బ్యారేజి తీసుకున్నది. కాలవల్లో పడవలు నడిచిన కాలంలో, నీటి మట్టం మారే ప్రతిచోటా లాకు ఉండేది. లాకుకు ఎగువ తలుపు ఒకటి, దిగువ తలుపు ఒకటి. ఎగువ తలుపు తీసి పడవను లోపలికి తీసుకుంటారు, మూస్తారు, నీటిని దిగువ మట్టానికి దించి దిగువ తలుపు తీస్తారు. నియమం ఒక్కటే: రెండు తలుపులూ ఎన్నడూ ఒకేసారి తెరచి ఉండరాదు. ఉంటే పడవా పోతుంది, సరంగూ పోతాడు.

ఇప్పుడు ఒక సోమరి లస్కరును ఊహించుకోండి. రెండు తలుపులూ బిగించి, తాళం వేసి, చెట్టుక్రింద పడుకున్నాడు. నియమం తప్పాడా? తప్పలేదు! రెండు తలుపులూ ఎన్నడూ ఒకేసారి తెరచుకోలేదు గదా. కాని పడవ కదలలేదు. కనుక రెండవ నియమం కావాలి: వచ్చిన ప్రతి పడవా ఎప్పటికైనా దాటాలి.

1977లో లెస్లీ లాంపోర్టు అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సరిగ్గా ఈ రెండింటినీ విడదీసి చూపాడు. చెడు ‘ఎన్నడూ’ జరగకపోవడం ఒకటి. మంచి ‘ఎప్పటికైనా’ జరగడం మరొకటి. మొదటిదాన్ని భద్రత అనవచ్చు, రెండవదాన్ని పురోగతి అనవచ్చు. అదే సంవత్సరం ఇజ్రాయేలుకు చెందిన అమీర్ ప్నూయెలీ తర్కశాస్త్రంలోని కాలవాచకాలను తెచ్చి కంప్యూటరు కార్యక్రమాలకు అన్వయించాడు. ‘ఎన్నడూ’, ‘ఎప్పటికైనా’, ‘అంతవరకు’ — మనం రోజూ వాడే ఈ అవ్యయాలకు ఆయన చేతిలో కూడికలు, తీసివేతల వంటి కచ్చితమైన సూత్రాలు వచ్చాయి. 1996లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగు బహుమానం ఆయనను వరించింది.

బెర్తు విషయంలో భద్రత: ఒకే బెర్తు ఎన్నడూ ఇద్దరికి పోరాదు. పురోగతి: అడిగిన ప్రతివాడికీ ఎప్పటికైనా ఏదో ఒక జవాబు రావాలి. వరుసలో నిలబడిన వాడికి రెండూ ముఖ్యమే. మొదటిది తప్పితే రైలులో తగవు. రెండవది తప్పితే కిటికీ దగ్గర తగవు.

చింతగింజల లెక్క

నియమాలు తెలిశాయి. యంత్రాలు వాటిని పాటిస్తున్నాయో లేదో చూడటం ఎట్లా? 1962లో కార్ల్ ఆడమ్ పెట్రి అనే జర్మనుడు తన పరిశోధనా గ్రంథంలో ఒక పద్ధతి చూపాడు. దాన్ని చూస్తే మనవాళ్ళకు వామనగుంటలు గుర్తుకు రాక మానవు.

కొన్ని గుంటలు, కొన్ని చింతగింజలు. గుంటకూ గుంటకూ మధ్య ఒక్కొక్క ‘సంఘటన’. సంఘటన జరగాలంటే దానికి ముందున్న ప్రతి గుంటలోనూ ఒక గింజ ఉండాలి. జరిగినప్పుడు ఆ గింజలను తీసుకుని తరువాతి గుంటల్లో గింజలు వేస్తుంది. ఆట ఇంతే. ‘ఖాళీ బెర్తు’ అనే గుంటలో ఒకే గింజ ఉన్నది. ‘బెజవాడ తీసుకున్నది’ అనే సంఘటనకూ, ‘చెన్నై తీసుకున్నది’ అనే సంఘటనకూ ఆ గింజే కావాలి. ఎవరు ముందు తీస్తే రెండవవారికి గుంట ఖాళీ. ఎన్నివేలసార్లు ఆడినా ‘ఖాళీ’, ‘బెజవాడ’, ‘చెన్నై’ — ఈ మూడు గుంటల్లోని గింజల మొత్తం ఒకటే. ఆ మొత్తం మారదని ఒక్కసారి లెక్కవేసి రుజువు చేస్తే చాలు. కోటి టిక్కెట్లను ఒక్కొక్కటే పరీక్షించనక్కరలేదు.

మన రైల్వేలు ఈ కిటుకును పెట్రి కంటే ముందే ఇనుముతో పోతపోశాయి. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా ఒక ఇనుప గోళం ఉండేది. దాన్నే టోకెన్ అంటారు. రెండు స్టేషన్లలోనూ రెండు పెట్టెలు. అవి తీగతో ముడిపడి ఉంటాయి. ఇద్దరు స్టేషను మాస్టర్లూ సహకరిస్తేనే ఒక గోళం బయటికి వస్తుంది. అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేవరకు రెండవ గోళం రాదు. గోళం చేతికి అందనిదే డ్రైవరు బండి కదల్చడు. ఇంగ్లీషు గ్రంథాల్లో పెట్రి గింజకు కూడా టోకెన్ అనే పేరు!

మరి అన్ని ఆటలనూ యంత్రం చేతనే ఆడించి, ఎక్కడా నియమం తప్పలేదని తేల్చుకోరాదా? ఆ పనీ చేశారు. 1980ల మొదట్లో అమెరికాలో క్లార్కు, ఎమర్సనులు, ఫ్రాన్సులో సిఫాకిస్ ఈ దారి తీశారు. 2007లో ముగ్గురికీ ట్యూరింగు బహుమానం వచ్చింది. ఆ పద్ధతిని స్థిరపరచిన 1986 నాటి ప్రసిద్ధ వ్యాసం మీద క్లార్కు, ఎమర్సనులతో పాటు మూడవ పేరు ప్రసాద్ శిష్ట్లా. ఈ ఇంటిపేరును తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు.

అయితే ఇక్కడొక గండం ఉన్నది. రెండు స్థితులుండే మీట ఒకటుంటే చూడవలసినవి 2. పది మీటలుంటే 1,024. ఇరవై ఉంటే పది లక్షలు దాటుతాయి. ముప్పై ఉంటే నూట ఏడు కోట్లు! అయిదు కేంద్రాలు, వేల కిటికీలు కలిసిన కూటమిలో మొత్తం చూడటం బ్రహ్మతరం కాదు. భాగాలను విడివిడిగా పరీక్షించి, ‘ఇవి కలిస్తే చెడవు’ అని వేరే సూత్రంతో చెప్పగలగాలి. సంధి అవసరం ఇక్కడ వచ్చింది.

అంచులు చూస్తే చాలు

‘వాడు’, ‘ఎప్పుడు’ కలిస్తే ‘వాడెప్పుడు’ అవుతుందని ఎలిమెంటరీ స్కూలు పిల్లవాడికీ తెలుసు. ఆ సంధి చేసేటప్పుడు మనం దేన్ని చూస్తాం? మొదటి మాట చివరి అచ్చును, రెండవ మాట మొదటి అచ్చును. అంతే. మాట ఎంత పొడవో సంధి సూత్రానికి అక్కరలేదు. అంచులు చూస్తే చాలు.

యంత్రాలను కలపడంలోనూ మొదటి ధర్మం ఇదే. సికింద్రాబాదు యంత్రం కడుపులో ఏమున్నదో చెన్నై యంత్రం తెలుసుకోనక్కరలేదు. దాని అంచు దగ్గర ఏ అడుగుకు ఏ జవాబు వస్తుందో తెలిస్తే చాలు. అలా ఉంటే రేపు సికింద్రాబాదులో పాత యంత్రం తీసి కొత్తది పెట్టినా, అంచు మారనంతకాలం చెన్నైకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

రెండవ ధర్మం. ‘వాడు’, ‘ఎప్పుడు’, ‘అడిగాడు’ — మూడు మాటలు. మొదటి రెండింటిని ముందు కలిపినా, చివరి రెండింటిని ముందు కలిపినా వచ్చేది ‘వాడెప్పుడడిగాడు’ అనే. కలిపే క్రమం ఫలితాన్ని మార్చలేదు. 1945లో ఐలెన్‌బర్గు, మెక్‌లేన్ అనే గణితజ్ఞులు ఈ చిన్న ధర్మాన్నే పునాదిరాయిగా పెట్టి ‘కేటగిరీ సిద్ధాంతం’ అనే శాఖను ప్రచురించారు. వస్తువు లోపల ఏమున్నదని కాక, అది ఇతరాలతో ఎట్లా కలుస్తుందని అడిగే గణితమది. పెద్ద కార్యక్రమాలను చిన్న ముక్కలుగా వ్రాసి అతికేవారికి అది నేటికీ ఆధారం.

మూడవది మరింత సున్నితం. ‘చూచెను’ తరువాత ‘తల్లి’ వస్తే కావ్యభాషలో ‘చూచెను దల్లి’ అవుతుంది. ‘చూచెను’ ద్రుతాంతం గనుక ప్రక్కనున్న పరుషాన్ని సరళం చేస్తుంది. అంటే మాట నుదుట ఒక ముద్ర ఉన్నది: నేను ఈ జాతిదాన్ని, నా ప్రక్కన వచ్చేవారు ఇట్లా మారాలి అని. యంత్రాల అంచుల మీద కూడా ఇటువంటి ముద్రలే వేస్తారు. రూపాయల్లో లెక్క చెప్పే యంత్రానికి పైసల్లో లెక్క పంపితే ముద్రలు కలవక, ప్రమాదం జరగక ముందే కూర్పు ఆగిపోతుంది.

మాట ఇచ్చిపుచ్చుకోవడం

ముద్రలు కలిసినంత మాత్రాన కాపురం సాగదు. ప్రవర్తన కూడా కుదరాలి. 1978లో ఇంగ్లండులో టోనీ హోర్, 1980లో స్కాట్లండులో రాబిన్ మిల్నర్ యంత్రాల సంభాషణలకు బీజగణితం వంటి భాషలు కల్పించారు. వాటిలో ‘ఇది, తరువాత అది’, ‘ఇది గాని అది గాని’, ‘ఇదీ అదీ పక్కపక్కన’ అనేవి కూడిక, గుణకారం వంటి చిహ్నాలు.

ఆ తరువాతి మెట్టులో మనదేశపు ఇంజనీరింగు కళాశాలల నుంచి వెళ్ళిన ఇద్దరి పేర్లు వస్తాయి. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన జయదేవ్ మిశ్రా, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన మణి చాందీ. 1981లో ఈ ఇద్దరూ ప్రచురించిన పద్ధతి సారాంశం ఇది: ఒక్కొక్క యంత్రం బేషరతుగా మాట ఇవ్వదు, ‘ఇప్పటివరకు నీవు మాట తప్పకపోతే, ఇంకొక్క అడుగు నేను కూడా తప్పను’ అంటుంది. రెండవదీ అదే అంటుంది. ఒకరి మాట మీద ఒకరు ఆధారపడటం గుండ్రంగా తిరిగే వాదనలా కనిపిస్తుంది. కాని మొదట ఎవరూ తప్పలేదు. గనుక తరువాతి అడుగు ఎవరూ తప్పరు. గనుక ఆ తరువాతిదీ తప్పరు. అడుగడుగుకూ రుజువు ముందుకు నడుస్తుంది.

ఈ గుండ్రని వాదన ‘ఎన్నడూ చెడు జరగదు’ అనే మాటలకే పనికివస్తుంది సుమా! ‘ఎప్పటికైనా మంచి జరుగుతుంది’ అనే మాటలకు పనికిరాదు. ఎందుకో మన కాలవగట్టు మీద చూడవచ్చు. ఇరుకైన గట్టు మీద రెండెడ్ల బళ్ళు రెండు ఎదురుపడ్డాయి. ‘నీవు వెనక్కి తీస్తే నేను కదులుతాను’ అంటాడు ఒకడు. రెండవవాడూ అదే మాట. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ సత్యసంధులే. సూర్యుడు అస్తమిస్తాడు గాని బళ్ళు కదలవు. యంత్రాల లోకంలో దీన్ని ‘డెడ్‌లాక్’ అంటారు. ఇటువంటి చిక్కుముళ్ళను 1965లో హాలండుకు చెందిన డైక్‌స్ట్రా శాస్త్రీయంగా పట్టుకున్నాడు. ఆయన చూపిన మందులలో ఒకటి చాలా సులువు: వస్తువులన్నింటికీ అంకెలు వేయండి, ఎవరైనా సరే చిన్న అంకెది చేతికి చిక్కిన తరువాతనే పెద్ద అంకెది అడగాలి. అందరూ ఒకే దిక్కుగా ఎక్కుతుంటే ఎదురుపడే సమస్యే లేదు.

ఎవరి గడియారం వారిది

ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారని మొదట అన్నాను. ‘ఒకేసారి’ అంటే ఏమిటి? బెజవాడ గడియారం రెండు క్షణాలు ముందున్నదేమో! 1978లో లాంపోర్టు దీనికి నిర్మొహమాటమైన జవాబు చెప్పాడు. గడియారాలను నమ్మవద్దు, ఉత్తరాలను నమ్మండి. ఉత్తరం వ్రాయడం, అది అందడానికి ముందే జరుగుతుంది. ఇది ఎక్కడైనా నిజం. ప్రతి యంత్రమూ తన పనులకు వరుస అంకెలు వేసుకుంటూ, పంపే ప్రతి వార్త మీదా ఆ అంకె వ్రాస్తుంది. వచ్చిన వార్త మీద తన అంకె కంటే పెద్దది ఉంటే తానూ అంతకు పైకి జరుగుతుంది. ఈ లెక్కలో కారణం ఎప్పుడూ కార్యం కంటే ముందే ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పనుల్లో ఏది ముందు అన్న తగవు వస్తే ఊళ్ళ పేర్ల వరుసతో తీర్చుకోవచ్చు. అందరూ ఒకే తీర్పు చేస్తే చాలు.

1985లో చాందీ, లాంపోర్టు కలిసి మరొక ప్రశ్న వేశారు: కూటమి మొత్తాన్ని ఒక్కసారి ఫొటో తీయడం ఎట్లా? ఆకాశం నిండా ఎగిరే వలసపక్షులను పలువురు ఛాయాగ్రాహకులు ముక్కలు ముక్కలుగా తీసి అతుకుతున్నట్టు వారు వర్ణించారు. కొల్లేటి అంచున ఆటపాక పక్షులను చూసినవారికి ఆ కష్టం వేరే చెప్పాలా? ఒక పిట్ట రెండు ఫొటోల్లో పడుతుంది, ఒకటి దేనిలోనూ పడదు. డబ్బు విషయంలో ఇదే జరిగితే? ఒక బ్యాంకు నుంచి బయలుదేరి రెండవ బ్యాంకుకు చేరని సొమ్ము ఏ లెక్కలో ఉన్నట్టు? వారి ఉపాయం: ప్రతి శాఖా తన నిల్వ వ్రాసుకున్న వెంటనే అన్ని దారుల్లోనూ ఒక ‘గుర్తు’ పంపాలి. గుర్తు మొదటిసారి అందుకున్న శాఖ అప్పటికప్పుడు తన నిల్వ వ్రాసుకుని, తానూ గుర్తులు పంపాలి. నిల్వ వ్రాసుకున్న తరువాత ఏ దారిలోనైనా గుర్తు కంటే ముందు వచ్చిన సొమ్మును ‘దారిలో ఉన్నది’ అని చూపాలి. వార్తలు దారిలో వరుస తప్పకుండా వస్తే చాలు, పైసా తేడా రాదు. లావాదేవీలు ఆపనక్కరలేదు.

మౌనం అర్ధాంగీకారమా?

ఇంతవరకు గణితం మనకు వరాలే ఇచ్చింది. ఇక అది ‘కాదు’ అని చెప్పిన చోటు చూద్దాం.

టెలిఫోను లేని రోజులు. గుడివాడలో ఒక మిల్లు యజమాని, తెనాలిలో మరొకడు. ఇద్దరూ ఒకే రోజున బియ్యం బజారులో పెడితే ఇద్దరికీ లాభం. ఒకడే పెడితే మునిగిపోతాడు. ఉత్తరాలే ఆధారం; ఉత్తరం దారిలో పోవచ్చు. ‘సోమవారం పెడదాం’ అని గుడివాడ వ్రాసింది. అందినదో లేదో తెలియదు, గనుక జవాబు కావాలి. తెనాలి ‘సరే’ అన్నది. ఆ ‘సరే’ అందినదో లేదో తెనాలికి తెలియదు. ‘నీ సరే అందింది’ అని మళ్ళీ వ్రాయాలి. అదీ పోవచ్చు గదా! ఎన్ని ఉత్తరాలు వ్రాస్తే ఇద్దరికీ పూర్తి నమ్మకం కుదురుతుంది?

ఎన్ని వ్రాసినా కుదరదు. రుజువు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పని జరిపించే అతి తక్కువ ఉత్తరాల పద్ధతి ఒకటి ఉన్నదనుకోండి. అందులో ఆఖరి ఉత్తరం పోయినా వ్రాసినవాడికి తెలియదు. అతడు ఎట్లాగూ బియ్యం పెడతాడు. అప్పుడు రెండవవాడు కూడా ఆ ఉత్తరం అందకపోయినా పెట్టి తీరాలి. అంటే ఆ ఉత్తరం అనవసరం. అది తీసేస్తే ఇంకా తక్కువ ఉత్తరాల పద్ధతి వచ్చింది! మొదటి మాటకు విరుద్ధం. గనుక అట్లాంటి పద్ధతే లేదు. 1975లో ఈ చిక్కును మొదట ప్రకటించిన వ్యాసకర్తలు ముగ్గురు: అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్. నడిమి పేరు మన చెవులకు కొత్తది కాదు. వారి కథలో ఉన్నది రెండు దొంగల ముఠాలు. తరువాత జిమ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు వారిని ఇద్దరు సేనానులుగా మార్చాడు. ఆ పేరే నిలిచిపోయింది.

1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ ఇంకొంత ముందుకు వెళ్ళారు. వార్త అందడానికి గడువు లేని చోట, కూటమిలో ఒకే ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా సరే, జూదం మీద ఆధారపడకుండా అందరినీ తప్పక ఒక నిర్ణయానికి తెచ్చే పద్ధతి ఏదీ లేదని రుజువు చేశారు. కారణం మనకు తెలిసినదే. అవతలివాడు పలకడం లేదు: పోయాడా, ఆలస్యంగా వస్తున్నాడా? మౌనాన్ని చూసి ఆ రెంటికీ తేడా చెప్పలేము. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు పెళ్ళిచూపుల వేళ అన్నారు గాని, యంత్రాల మధ్య మౌనం అంగీకారమూ కాదు, నిరాకరణా కాదు.

మరి పనులు నడుస్తున్నాయి గదా? నడుస్తున్నాయి, ఎట్లాగంటే, మౌనానికి అర్థం ఏమిటో ముందుగానే ఒడంబడిక చేసుకుంటున్నారు. రైలు పట్టాల్లో సన్నని విద్యుత్తు ప్రవహింపజేసే పద్ధతిని 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ కనిపెట్టాడు. బండి వస్తే ఆ ప్రవాహం ఆగి సిగ్నలు ఎరుపు చూపుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ చచ్చినా ప్రవాహం ఆగుతుంది, అప్పుడూ ఎరుపే. ఇక్కడ మౌనానికి అర్థం ప్రమాదం. ఇంజనూ, స్టేషనూ రేడియోలో మాట్లాడుకునే ‘కవచ్’ ఈ వంశంలో కొత్త తరం. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపితే, మధ్య 380 మీటర్ల దూరం ఉండగానే కవచ్ తనంత తాను బ్రేకు వేసింది. అంతకు ముందే, 1998లో పారిస్‌లో మొదలైన డ్రైవరు లేని 14వ మెట్రో లైనులో, భద్రతకు సంబంధించిన కార్యక్రమాన్ని పరీక్షించడంతో సరిపెట్టక గణిత సిద్ధాంతంలా రుజువు చేసి మరీ నడిపారు.

డబ్బు దగ్గర ఈ మందు సరిపోదు. బజారులో అన్ని బళ్ళనూ ఎరుపు చూపించి ఆపలేము. బెజవాడ నుంచి చెన్నైకి ఒక బెర్తు, అక్కడి నుంచి రామేశ్వరానికి మరొకటి కావాలనుకోండి; ఉంటే రెండూ, లేకుంటే ఏదీ వద్దు. ఇటువంటి పనికి జిమ్ గ్రే 1978లో వివరించిన పద్ధతి ప్రసిద్ధం. పెద్ద యంత్రం ముందుగా ఇద్దరినీ ‘సిద్ధమేనా?’ అని అడుగుతుంది. ఇద్దరూ ‘సిద్ధం’ అంటేనే ‘ఖాయం’ అంటుంది. ఒకరు కాదన్నా ‘రద్దు’. చక్కగా ఉన్నది. కాని ‘సిద్ధం’ అన్న తరువాత పెద్ద యంత్రం మూగవోయిందా, చిన్న యంత్రం గతి త్రిశంకు స్వర్గమే. బెర్తు ఇవ్వనూలేదు, విడవనూలేదు.

సెల్‌ఫోను చెల్లింపుల్లో మనకు ఎదురయ్యేది ఈ త్రిశంకువే. 2016లో యు.పి.ఐ. పద్ధతి మొదలైనప్పటి నుంచి కాళేశ్వరరావు మార్కెట్టులో కొత్తిమీర కట్ట కొన్నా మధ్యలో రెండు బ్యాంకులు, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను, రెండు ఫోన్లు మాట్లాడుకుంటాయి. ఒక్కొక్కప్పుడు ఇటు ఖాతాలో సొమ్ము తగ్గుతుంది, అటు చేరదు. యంత్రాలు మూగపోతాయి. కూరలమ్మి ‘రాలేదు బాబూ’ అంటుంది. కొన్నవాడు ‘వెళ్ళిందమ్మా’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

ఇక్కడ గణితం తన హద్దు చెప్పి తప్పుకుంటుంది. అనిశ్చయం పూర్తిగా పోదు. అయితే అది ఎంతకాలం ఉండవచ్చు, అంతవరకు నష్టం ఎవరు భరించాలి అన్నది మనుషులు తేల్చవలసిన ఒడంబడిక. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆ ఒడంబడికను వ్రాసింది. ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు పంపిన సొమ్ము చేరకపోతే మరునాటికల్లా తిరిగి జమ కావాలి. దుకాణానికి చెల్లించినది ఖరారు కాకపోతే అయిదు రోజుల్లోగా తిరిగి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు ఇచ్చుకోవాలి. కూరలమ్మికీ, కొన్నవాడికీ ప్నూయెలీ తర్కమూ, పెట్రి గింజలూ తెలియనక్కరలేదు. ఈ హక్కు మాత్రం తెలిసి ఉండాలి. నిపుణులు తీర్చలేని సందేహపు భారం బజారులో అందరికంటే చిన్నవాడి నెత్తిన పడకుండా చూసేది ఇదే.

మన డెల్టా నుంచి ఏటా ఎందరో పిల్లలు కంప్యూటరు చదువులకు వెళుతున్నారు. పేట పేటకూ ఆ చదువు చెప్పే సంస్థలున్నాయి. ఒక యంత్రం చేత ఒక పని చేయించడం వారికి ఆర్నెల్లలో పట్టుబడుతుంది. రెండు యంత్రాలను కలపవలసి వచ్చినప్పుడు అంచు ఏమిటి, ముద్ర ఏమిటి, ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారు, ఎదుటివాడు పలకకపోతే ఏమి చేయాలి — ఈ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద వ్రాసుకునే అలవాటు మాత్రం ఉపాధ్యాయుడు పట్టుబట్టి నేర్పితే గాని రాదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, విడివిడిగా మేలైన యంత్రాలు కలిసి చెడిన సందర్భాల్లో తప్పు ఈ నాలుగింటిలో ఎక్కడో దొరుకుతుంది.

ఇక తక్కిన మనబోటివారికి ఒక్క చిన్న సలహా. ఈసారి చెల్లింపు మధ్యలో నిలిచిపోతే కంగారుపడి మళ్ళీ కొత్తగా పంపకండి. ప్రతి చెల్లింపుకూ ఒక సంఖ్య ఉంటుంది. యంత్రాలు ఆ సంఖ్యతో ఒకే వార్తను పదిసార్లు పంపుకున్నా పని ఒక్కసారే జరుగుతుంది. కాని మీరు కొత్తగా నొక్కితే కొత్త సంఖ్య పుడుతుంది, సొమ్ము రెండవసారి పోతుంది. పాత సంఖ్యను వ్రాసి పెట్టుకోండి. మరునాడు బ్యాంకులో అడగవలసి వస్తే, మీ తరపున సాక్ష్యం చెప్పేది అదే.